గాజుపెట్టెలో పుట్ట

పడమటి ఆఫ్రికా తీరాన, బెనిన్ దేశంలో ఉయిదా అనే పాత పట్టణం ఉంది. దాని నడిబొడ్డున, కాథలిక్కుల పెద్ద చర్చికి ఎదురుగా, పాములకొక గుడి ఉంది. అందులో పదుల సంఖ్యలో కొండచిలువలు ఒకదానిపై ఒకటి చుట్టలు చుట్టుకుని పడి ఉంటాయి. అవి విషం లేనివి. మనిషి చేయి తగిలితే కాటు వేయడానికి బదులు తలను చుట్టల నడుమ దాచుకుని బంతిలా ముడుచుకుపోయే సాధుజంతువులు. అప్పుడప్పుడు రాత్రివేళ వాటిని ఎలుకల వేటకు బయటికి వదులుతారు. దారితప్పి ఎవరి ఇంట్లోనైనా దూరితే ఆ ఇంటివారు భక్తితో ఎత్తి తెచ్చి గుడిలో అప్పగిస్తారు.

ఇంచుమించు డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా ఆ ప్రాంతం మీదికి సహారా ఎడారి నుండి హర్మట్టాన్ అనే పొడిగాలి వీస్తుంది. ఆకాశం ధూళితో మసకబారుతుంది. పెదవులు పగులుతాయి. ఆ ఎండుకాలం చివరిలోనే, ఫిబ్రవరి నడుమ నుండి ఏప్రిల్ తొలిరోజుల వరకు, అడవిలోని ఆడ కొండచిలువ గుడ్లు పెడుతుంది. ఈ గుడ్లకు కోడిగుడ్డు వంటి గట్టి పెంకు ఉండదు. తోలువంటి మెత్తని పొర మాత్రమే ఉంటుంది. పొడిగాలిలో వదిలేస్తే ఆ పొర గుండా లోపలి నీరు ఇగిరిపోయి గుడ్డు సొట్టలు పడుతుంది. అయినా ఆ దేశంలో కొండచిలువల సంతతి యుగయుగాలుగా నిలిచి ఉన్నది.

దీనికి కారణం నేల కింద ఉంది. ఈ పాముకు పైనున్న గాలితో ప్రసక్తి తక్కువ. పగలంతా అది ఎలుకలు తవ్విన కలుగులలోనూ, చెదపురుగులు కట్టిన పుట్టలలోనూ గడుపుతుంది. చెదపురుగు చర్మం బహు సుకుమారం. ఎండ సోకితే బతకదు. అందుచేత అది తన పుట్ట లోపలి గాలిని ఎల్లవేళలా చెమ్మగా ఉంచుకుంటుంది. పైన గాలి ఎంత ఎండినా లోపల ఆ చెమ్మ తగ్గదు. ఆడపాము అక్కడే గుడ్లు పెట్టి, వాటి చుట్టూ బిగువుగా చుట్టుకుని, రెండు నెలలపాటు తిండి మాని కూర్చుంటుంది. టోగో దేశంలో ఈ పాముల మీద పరిశోధన చేసిన ఫాబియన్ ఒబ్రే, ఆయన సహచరులు 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ కౌగిలింతకు ముఖ్య ప్రయోజనం గుడ్లలోని నీరు ఆవిరి కాకుండా కాపాడటమే. చుట్టూ చెమ్మగల పుట్ట, దానిలోపల తల్లి చుట్ట: ఈ రెండు గోడల మధ్య పిల్ల పెరిగి, తొలకరి వానల వేళకు బయటపడుతుంది.

ఇంగ్లండులో రాజ కొండచిలువ అని, అమెరికాలో బంతి కొండచిలువ అని పిలిచేది ఈ పామునే. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుండి 1970ల నాటి నుంచి ఇవి లక్షల సంఖ్యలో ఓడలెక్కాయి, విమానాలెక్కాయి. పెంపుడు పాములను ఇష్టపడే పాశ్చాత్య దేశాలలో దీనికున్నంత గిరాకీ బహుకొద్ది జాతులకే ఉంది. అయిదడుగులు మించడం అరుదు, కోపం తక్కువ, వారానికో పదిరోజులకో ఒక ఎలుక చాలు. అమ్మే వాడు ఇవన్నీ చెబుతాడు. పుట్ట సంగతి మాత్రం సాధారణంగా చెప్పడు.

కొన్నవాడు ఏం చేస్తాడు? ఒక గాజుపెట్టె తెస్తాడు. అడుగున పాత వార్తాపత్రిక పరుస్తాడు. పైన ఇనుపజాలీ మూత పెడతాడు. పాము వేడిదేశపు జీవి గదా అని ఆ జాలీ మీద వేడినిచ్చే దీపం వేలాడదీస్తాడు. ఒక మూల చిన్న నీళ్లగిన్నె ఉంచుతాడు. పెట్టె శుభ్రంగా, చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి పాము ఒళ్లు వన్నె తగ్గి, కళ్లు పాలు పోసినట్లు తెల్లబారుతాయి. కుబుసం విడిచే వేళ వచ్చింది. అడవిలో అయితే ముక్కు కొసను ఏ రాతికో రుద్ది, పొర అంచు ఊడదీసి, మేజోడు తిరగవేసి విడిచినట్లు తల నుండి తోక దాకా ఒకే ముక్కగా కుబుసాన్ని వదిలేసి పోతుంది. గాజుపెట్టెలో మాత్రం అది పేలికలు పేలికలుగా ఊడుతుంది. కొంత ఒంటికి అంటుకుని ఉండిపోతుంది.

ఇందులో ప్రమాదం రెండు చోట్ల ఉంది. మొదటిది తోక కొస. అక్కడ మిగిలిన ఎండు పొర ఉంగరంలా బిగుసుకుని, రక్తం ఆడకుండా చేసి, కొసను ఎండగట్టి ఊడేలా చేస్తుంది. రెండవది కన్ను. పాముకు కనురెప్పలు లేవని అందరికీ తెలుసు. రెప్పలకు బదులు కంటిని కప్పుతూ అద్దంలాంటి ఒక పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసంతో పాటు ఆ పొలుసు పై పొర కూడా ఊడిరావాలి. రాకపోతే కంటిపై మసక నిలుస్తుంది. తర్వాతి కుబుసానికీ ఊడకపోతే పొర మీద పొర పేరుకుంటుంది. ఆత్రగాడైన యజమాని పట్టకారుతో దాన్ని పీకబోయి కింది సజీవమైన పొలుసును కూడా లాగేస్తే, ఆ కన్ను శాశ్వతంగా పోవచ్చు. పాము నోరులేని జీవి. దాహమైనా, చూపు తగ్గినా అరవలేదు.

పాము చర్మం నీటిని ఎలా పట్టి ఉంచుతుందన్న విషయంలో శాస్త్రజ్ఞులే చాలాకాలం పొరబడ్డారు. పొలుసులే కవచమని, అవే నీరు పోకుండా ఆపుతాయని భావించారు. అమెరికాలో పుట్టుకతోనే పొలుసులు లేని ఒక గోఫర్ పాము దొరికింది. లిక్ట్, బెనెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షించి 1972లో ఫలితం ప్రకటించారు. పొలుసులు లేని ఆ పాము, పొలుసులున్న పాముకన్నా ఎక్కువ నీటినేమీ కోల్పోవడం లేదు! మరి ఆపుతున్నదేమిటి? 1980లో రాబర్ట్స్, లిలీవైట్ అనే వారు దీనికి సమాధానం చూపారు. విడిచిన కుబుసాల నుండి కొవ్వు పదార్థాలను ద్రావకాలతో తీసివేసి చూస్తే, వాటి గుండా నీటి ఆవిరి ఎన్నోరెట్లు సులువుగా దాటిపోయింది. అంటే, చర్మపు పొరల నడుమ పలుచగా పరచుకున్న కొవ్వే అసలైన ఆనకట్ట. పొలుసు రాపిడిని ఓర్చుకోవడానికి మాత్రమే.

ఆ ఆనకట్ట అన్ని పాములకూ ఒకే ఎత్తున ఉండదు. ఎడారి పాములకు బలమైనది, తేమనేలల పాములకు బలహీనమైనది. పగలంతా పుట్టలో పడుకోవడానికి అలవాటుపడిన జాతిని ఎడారి గాలిలో పెడితే అది నిమిషనిమిషానికి కొంత నీటిని పోగొట్టుకుంటూనే ఉంటుంది. కుబుసం వేళ ఈ నష్టం మరింత బాధిస్తుంది. పాత చర్మం కింద కొత్త చర్మం తయారయ్యాక రెండింటి నడుమ ఒక ద్రవం ఊరి వాటిని విడదీయాలి. కళ్లు తెల్లబడటానికి కారణం ఆ ద్రవమే. ఒంట్లో నీరే తక్కువైతే ఆ ద్రవం తగినంత ఊరదు. పైగా బయటి పొర ఎండి పెళుసెక్కుతుంది. అతుకు వదలని ఎండు కాగితాన్ని లాగితే ఏమవుతుందో అదే జరుగుతుంది.

కొన్నవాడు గిన్నెలో నీళ్లు పెట్టాడు గదా, గదిలో గాలీ మామూలుగానే ఉంది గదా, ఇంత పొడి ఎక్కడి నుంచి వచ్చిందని పాఠకులకు సందేహం కలగవచ్చు. దీనికి చిన్న లెక్క చాలు. ఒక ఘనమీటరు గాలి, 5 డిగ్రీల సెల్సియస్ చలిలో, నిండా తడిసినా 6.8 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు. అదే గాలి 30 డిగ్రీల వద్ద 30 గ్రాములకు పైగా మోయగలదు. లండన్ నగరంలో శీతకాలపు గాలి పొగమంచుతో తడిసి ముద్దయి ఉందనుకోండి. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి, పాముపెట్టెలో 30 డిగ్రీలకు వేడిచేస్తే, కొత్త నీరు చేరనందున దానిలో ఉన్నది ఆ 6.8 గ్రాములే. మోయగలిగిన దానిలో 22 శాతం మాత్రమే. బయట మంచు కురుస్తుంటే పెట్టెలో ఎడారి తయారవుతుంది. వేడి దీపమే ఆ ఎడారిని పుట్టిస్తుంది. జాలీ మూత కొద్దిపాటి ఆవిరిని కూడా పైకి వదిలేస్తుంది.

ఇదే లెక్క మరో సంగతినీ బయటపెడుతుంది. పెట్టెకు ఒక చివర వెచ్చగా 32 డిగ్రీలు, మరో చివర చల్లగా 25 డిగ్రీలు ఉండాలని నియమం, పాము తనకు కావలసిన చోటికి జరుగుతుంది కనుక. ఆ రెండు చివరల గాలిలోనూ ఒకే మోతాదులో నీరున్నా, చల్లటి చివర కొలత 50 శాతం చూపితే వెచ్చటి చివర 34 శాతమే చూపుతుంది. అందుచేత "నా పెట్టెలో తేమ ఇంత" అని ఒక్క అంకె చెప్పేవాడు, కొలత ఎక్కడ పెట్టాడో చెప్పకపోతే, ఏమీ చెప్పనట్లే.

కొలత పరికరాన్ని కూడా గుడ్డిగా నమ్మరాదు. గాలిలో చెమ్మను కొలవడానికి జెనీవాకు చెందిన సొస్యూర్ 1783లో మనిషి తలవెంట్రుకను వాడాడు; జిడ్డు పోగొట్టిన వెంట్రుక తేమకు సాగి, పొడికి ముడుచుకుంటుంది. దాని వారసులే నేడు దుకాణాలలో గడియారం ముల్లులాంటి ముల్లుతో అమ్మే చవక ఆర్ద్రతామాపకాలు. కొన్నాళ్లకు వాటి ముల్లు 60 శాతం దగ్గర కూర్చుని, పెట్టెలో ఏం జరుగుతున్నా పెద్దగా కదలదు. పరీక్షించడం ఎవరికైనా చేతనవును. సీసా మూతలో కాస్త ఉప్పు పోసి, కరిగిపోకుండా తడిసేటంత నీరు చల్లి, దానినీ పరికరాన్నీ గాలి దూరని సంచిలో మూసి, ఒక పూట వదిలేయాలి. తడిసిన ఉప్పు తన చుట్టూ గాలిని 75 శాతం దగ్గర నిలిపి ఉంచుతుంది. ముల్లు అక్కడికి రాకపోతే తప్పు ముల్లుదే. వంటింటి ఉప్పు చేసే ఈ తీర్పుకు తిరుగులేదు.

ఇక పొడి హాని చేస్తుందని తెలిసినవాడు చేసే రెండవ తప్పు మరీ ఘోరమైనది. రోజుకు నాలుగుసార్లు పెట్టెలో నీళ్లు చిలకరిస్తాడు. గాలి పోకుండా మూతను గట్టిగా మూస్తాడు. గాజుగోడలపై నీటిబొట్లు కారుతుంటే అడవిని సృష్టించానని మురిసిపోతాడు. గాజుపెట్టెలో చెమ్మను బంధించే విద్యకు నిజానికి మంచి చరిత్రే ఉంది. 1829లో లండన్ వైద్యుడు నథానియేల్ వార్డ్ ఒక చిమ్మట గూటిని తడిమట్టిలో ఉంచి సీసా మూత బిగించాడు. రెక్కలు విప్పే చిమ్మట కోసం చూస్తుంటే, మట్టిలో ఒక ఫెర్న్ మొలక కనిపించింది. నగరపు పొగలో బతకని ఆ మొక్క మూసిన సీసాలో పచ్చగా పెరిగింది. ఆయన పేరుమీదనే వెలసిన గాజుపెట్టెలలో చైనా తేయాకు మొక్కలు సముద్రాలు దాటి హిమాలయపు తోటలకు చేరాయి. అయితే ఫెర్న్‌కు స్వర్గమైన పెట్టె పాముకు పనికిరాదు. కదలని తడిగాలిలో, నానిన పరుపుమీద రోజుల తరబడి పొట్ట ఆన్చి పడుకునే పాముకు పొట్ట పొలుసుల మీద నీటిబొబ్బలు లేస్తాయి. వాటిలో సూక్ష్మజీవులు చేరి చీము పట్టి, చర్మం కుళ్లుతుంది. ఊపిరితిత్తులకు జబ్బు సోకితే పాము తల పైకెత్తి, నోరు తెరిచి, గురగురమని శ్వాస తీస్తుంది. అప్పటికి పశువైద్యుడి అవసరం వచ్చినట్లే.

ఎండు ఒక శత్రువు, నాని ఉండటం ఇంకొక శత్రువు. మరి దారి? అనుభవజ్ఞులైన పెంపకందారులు చేసేది చాలా సాదాగా ఉంటుంది. పెట్టె అంతటినీ తడపడం మానేస్తారు. లోపల ఒక చిన్న పుట్టను కడతారు. పాము చుట్ట సరిగ్గా పట్టేటంత మూత ఉన్న డబ్బా ఒకటి తీసుకుని, పక్కన తల దూరేటంత గుండ్రటి కన్నం చేసి, లోపల నీటిలో నానబెట్టి పిండిన నాచు నింపుతారు. పిడికిట నొక్కితే నీటిచుక్క రాలకూడదు, చేతికి చెమ్మ మాత్రం తగలాలి. దాన్ని వెచ్చటి చివరకూ చల్లటి చివరకూ నడుమ ఉంచుతారు. బయట పెట్టె గాలి 50, 60 శాతం మధ్య ఆడుతున్నా, డబ్బా లోపల అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది. కళ్లు తెల్లబడిన నాటి నుంచి పాము తనంతట తానే అందులో దూరుతుంది. పని పూర్తయ్యాక పొడిచోటికి తిరిగి వస్తుంది. ఎంత చెమ్మ కావాలో పాముకు తెలుసు; యజమానికి తెలియనక్కరలేదు.

తక్కిన ఏర్పాట్లు దీనికి తోడు. వార్తాపత్రికకు బదులు మూడు నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరుస్తారు. కోనసీమలో పీచు ఒలిచేచోట గుట్టలుగా పడి ఉండే పొట్టే ఇది. తమిళనాడులోని పొల్లాచి వంటి చోట్ల దాన్ని ఇటుకలుగా నొక్కి విదేశాలకు ఎగుమతి చేస్తున్నారు. ఆఫ్రికా పాము అమెరికా ఇంట్లో మన కొబ్బరి పొట్టు మీద పడుకోవడం ఈ కాలపు విచిత్రాలలో ఒకటి. పైనుంచి చల్లకుండా మూలలలో నీరు పోస్తే అడుగుపొర చెమ్మగిల్లి, పైపొర పొడిగా ఉంటుంది. అడుగునుంచి ఆవిరి మెల్లగా, తెరిపి లేకుండా లేస్తుంది, పొట్ట తడవదు. జాలీ మూతలో సగానికి పైగా అట్టతోనో రేకుతోనో కప్పి, మిగిలినది గాలికి వదిలేస్తారు. నీళ్లగిన్నె వెడల్పుగా ఉంటే అదీ కొంత ఆవిరినిస్తుంది. చిలకరింపు అంటారా, దాని ప్రభావం కొద్ది గంటలకు మించదు.

విడిచిన కుబుసాన్ని పారేసేముందు వెలుతురులో పట్టి చూడటం తెలివైనవారి అలవాటు. తల భాగంలో రెండు చిన్న గుండ్రటి అద్దపు బిళ్లలు ఉండాలి. అవే కంటి పొరలు. ఒకటే కనిపిస్తే రెండవది ఇంకా కంటిపైనే ఉంది. అప్పుడు పట్టకారు జోలికి పోరాదు. గోరువెచ్చటి నీటిలో తడిపి పిండిన గుడ్డతో కలిపి పామును గాలి ఆడే డబ్బాలో కొంతసేపు ఉంచితే, ఆ మడతల మధ్య పాకుతూ చాలాసార్లు అదే రుద్దుకుని వదిలించుకుంటుంది. అప్పటికీ వదలకపోతే వైద్యుడి దగ్గరికి పోవాలి.

మన దేశంలో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ, ఇలా ఇక్కడి పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జంతువులను ఉంచుకున్నవారు వాటిని నమోదు చేయించాలని 2022 సవరణ శాసిస్తున్నది. బంతి కొండచిలువ ఆ జాబితాలోనే ఉంది. అయినా దొంగచాటు రవాణా ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుండి చెన్నై విమానాశ్రయానికి దిగిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు పట్టుబడ్డాయి. మూతపెట్టిన డబ్బాలలో, ఊపిరాడని సామాను నడుమ ప్రయాణించే పాముకు చెమ్మ గురించి ఆలోచించేదెవరు?

పాములవాడి బుట్ట సంగతి ఇంతకన్నా మెరుగు కాదు. శ్రావణంలో నాగపంచమికి ఉత్తరాదిన, కార్తికంలో నాగుల చవితికి మన ప్రాంతంలో పాముకు పాలు పోసే ఆచారం ఉంది. పాము సహజంగా పాలు తాగదు. పాలను అరిగించుకునే శక్తి దానికి లేదు. అయినా పండుగనాడు బుట్టలోని నాగు పాలు తాగడం జనం కళ్లారా చూస్తారు. కారణం, దాన్ని ముందుగా రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండబెట్టడమే. గొంతెండిన ప్రాణి ఏ ద్రవం ముందుపెట్టినా తాగుతుంది. రక్షించి తెచ్చిన ఇటువంటి పాములు ఒంట్లో నీరు ఇంకి, చర్మం ముడతలు పడి ఉండటం వన్యప్రాణి వైద్యులకు ఏటేటా అనుభవమే. పుట్టలో పాలు పోసి ఇంటికి వచ్చే పల్లెటూరి ఆడపడుచు, పాము ఇంటిని కనీసం దాని చోటనే ఉంచుతున్నది.

ఇదే దేశంలో పామును ఉంచే తీరు తెలిసినవారు కూడా ఉన్నారు. చెన్నైకి దక్షిణాన, సముద్రం ఒడ్డునున్న వడనెమ్మేలిలో ఇరుల గిరిజనుల పాముల సహకార సంఘం ఉంది. ఒకప్పుడు వీరు చర్మాల వ్యాపారులకు పాములు పట్టి ఇచ్చేవారు. చట్టం ఆ వృత్తిని మూసివేశాక, రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఈ సంఘాన్ని స్థాపించుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్ని పిండి, పాముకాటు మందు తయారుచేసే సంస్థలకు అమ్ముతారు. పాములను వారు ఉంచేది గాజుపెట్టెలలో కాదు, మట్టికుండలలో. కుండలో కొంతమేర ఇసుక పోసి, పామును దించి, గాలి ఆడేలా మూతికి గుడ్డ కడతారు. వేసవిలో మన ఇళ్లలో మంచినీటి కుండను చల్లబరిచే గుణమే ఇక్కడా పనిచేస్తుంది. కాల్చిన మట్టిగోడకు సన్నని రంధ్రాలుంటాయి. అది చెమ్మను పీల్చుకుంటుంది, మెల్లగా వదులుతుంది. లోపల చీకటి, చల్లదనం, ఒంటికి ఆనే గోడ: చుట్ట చుట్టుకున్న పాముకు అది కలుగులాగే తోస్తుంది. వారానికొకసారి చొప్పున నాలుగుమార్లు విషం తీస్తారు. మళ్లీ అదే పామును వెంటనే పట్టకుండా పొట్ట పొలుసును కొద్దిగా కత్తిరించి గుర్తు పెడతారు. మూడు వారాలు నిండగానే కుండను మోసుకుపోయి, గుడ్డ విప్పి, పొదల మధ్య పామును వదిలివేస్తారు.